మంచు బాటలు మూసివేస్తామంటే: ఫారెస్ట్ సర్వీస్ ముందు అభ్యంతరం నిలబెట్టే విధానం

అమెరికాలోని నేషనల్ ఫారెస్టుల్లో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడిపేవారికి ఏదో ఒక చలికాలంలో ఇలాంటి నోటీసు ఎదురవుతుంది: ఏళ్ల తరబడి తాము తిరుగుతున్న కొండవాలును ఇకపై మోటారు వాహనాలకు మూసివేయాలని ప్రతిపాదన వచ్చింది, అభిప్రాయాలు పంపవచ్చు. అది చదవగానే చాలామంది ఒక ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెడతారు, లేదా ‘అడవి అందరిదీ, మూయకండి’ అని రెండు వాక్యాలు రాసి పంపి ఊరుకుంటారు. దానివల్ల నష్టమేమీ లేదు గాని, లాభం కూడా దాదాపు లేదు. వచ్చిన ఉత్తరాలను ఫారెస్ట్ సర్వీస్ (ఈ అడవులను నిర్వహించే ఫెడరల్ సంస్థ) ఓట్లలా లెక్కపెట్టదు. వాటిలో తాను జవాబు చెప్పుకోవలసిన నిర్దిష్టమైన విషయం ఏదైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఒకే నమూనాలో వెయ్యి ఉత్తరాలు వచ్చినా వాటిని ఒకే వ్యాఖ్యగా తీసుకుని ఒకే జవాబు రాస్తుంది. కనుక ఆంక్షను వ్యతిరేకించడమంటే ఆ నిర్ణయం వెనుక ఉండే ఫైలులోకి మీ వాదనను, మీ ఆధారాలను గడువులోగా చేర్చడమే. ఫైలులో లేని మాటను తరువాత పై అధికారీ వినడు, జడ్జీ వినడు.

ఆంక్ష ఏ పత్రంలో ఉందో ముందు తేల్చుకోవాలి

అన్ని మూసివేతలూ ఒకే రకానివి కావు; ఏ రకమో తెలియకుండా రాసిన ఉత్తరం సంబంధం లేని బల్ల మీదికి చేరుతుంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) వైల్డర్‌నెస్‌గా, అంటే సహజ స్థితిలోనే కాపాడవలసిన అడవిగా, ప్రకటించిన ప్రాంతంలో మోటారు వాహనాలను నిషేధించింది ఆ చట్టమే. అక్కడ రేంజర్‌తో (స్థానిక అటవీ అధికారితో) వాదించి ప్రయోజనం లేదు, ఆ హద్దులను మార్చగలిగింది కాంగ్రెస్ ఒక్కటే. అయితే ‘సిఫారసు చేసిన వైల్డర్‌నెస్’ అనేది వేరే విషయం. అది అటవీ ప్రణాళికను సవరించేటప్పుడు ఫారెస్ట్ సర్వీస్ చేసే సిఫారసు మాత్రమే. దాని పేరు మీద మోటారు వాహనాలను ఇప్పటినుంచే ఆపాలా, ఆపితే ఎంత మేరకు అన్నది ఆ ప్రణాళికలోనే తేలుతుంది కాబట్టి అక్కడ పోరాడటానికి చోటు ఉంది. రాకీ పర్వతాల ఉత్తర భాగంలో చాలా వివాదాలకు మూలం ఇదే.

మూడో రకం వాహన వినియోగ నిర్ణయం, అంటే ఏ రోడ్డు, ఏ ట్రైలు, ఏ ఏరియా ఏ వాహనానికి తెరిచి ఉంటుందో మ్యాప్ మీద గీసే నిర్ణయం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే. నాలుగోది మంటలు, హిమపాతం ప్రమాదం, రోడ్డు కొట్టుకుపోవడం వంటి కారణాలతో ఫారెస్ట్ సూపర్‌వైజర్ ఇచ్చే తాత్కాలిక మూసివేత ఉత్తర్వు. దీనికి సాధారణంగా అభ్యంతర ప్రక్రియ ఉండదు. కారణం తీరిన తరువాత కూడా ఉత్తర్వు కొనసాగుతూ ఉంటే మర్యాదగా, లిఖితపూర్వకంగా, ఎప్పుడు ఎత్తివేస్తారని అడగడమే సరైన మార్గం.

ఈ ప్రతిపాదనలు పత్రికల్లోకి రాకముందే తెలుసుకోవాలంటే ప్రతి నేషనల్ ఫారెస్ట్ మూడు నెలలకొకసారి ప్రకటించే ‘ప్రతిపాదిత చర్యల షెడ్యూలు’ చూడాలి. అందులో ప్రాజెక్టు పేరు, బాధ్యుడైన అధికారి, ప్రస్తుత దశ ఉంటాయి. ప్రాజెక్టు పేరులో ‘ఓవర్ స్నో వెహికల్’, ‘ట్రావెల్ మేనేజ్‌మెంట్’ అన్న మాటలు కనబడితే ఆ రోజే మెయిలింగ్ జాబితాలో మీ పేరు చేర్పించుకోవాలి.

నియమం ఏమి అడుగుతోందో అదే భాషలో మాట్లాడాలి

1972లో అధ్యక్షుడు నిక్సన్ జారీ చేసిన 11644వ కార్యనిర్వాహక ఉత్తర్వు, దాన్ని 1977లో సవరించిన కార్టర్ ఉత్తర్వు 11989 ఈ వ్యవహారానికి పునాది. ప్రభుత్వ భూముల్లో రోడ్డు విడిచి తిరిగే వాహనాలకు చోటు కేటాయించేటప్పుడు నేలకు, నీటి వనరులకు, వృక్షసంపదకు జరిగే నష్టాన్ని, వన్యప్రాణులకు కలిగే బెదురును, ఇతర వినోద వినియోగదారులతో తలెత్తే ఘర్షణను తగ్గించేలా హద్దులు గీయాలని అవి చెప్పాయి. ఫారెస్ట్ సర్వీస్ 2005లో తెచ్చిన ట్రావెల్ మేనేజ్‌మెంట్ నియమం ఈ ప్రమాణాలను 36 సి.ఎఫ్.ఆర్. (ఫెడరల్ నిబంధనల సంకలనం) 212.55లో పొందుపరిచింది. జనావాసాల దగ్గర శబ్దం, పొగ వంటివాటిని కూడా అదే సెక్షన్ చూడమంటుంది. అప్పట్లో మంచు మీద నడిచే వాహనాల విషయాన్ని ఆయా అడవుల ఇష్టానికి వదిలేశారు. ఆ మినహాయింపు చెల్లదని 2013లో ఐడహో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పడంతో 2015 జనవరిలో కొత్త నియమం వచ్చింది. మోటారు వాహనాలు తిరగగలిగినంత మంచు పడే ప్రతి చోటా ఏ రోడ్లు, ట్రైళ్లు, ఏరియాలు స్నోమొబైళ్లకు తెరిచి ఉంటాయో నిర్దేశించాలి. నిర్దేశించని చోట నడపరాదు. పూర్వం ‘మూసినట్టు బోర్డు లేకపోతే తెరిచి ఉన్నట్టే’ అనుకునేవారు. ఇప్పుడు తెరిచినట్టు మ్యాపులో లేకపోతే మూసినట్టే. ఈ ఒక్క మార్పును గుర్తించనివారు తమ బాట ఎవరూ మూయకుండానే మాయమైందని ఆశ్చర్యపోతారు. మ్యాపు గీసే సమయంలో దాని గురించి ఎవరూ అడగలేదు, అంతే.

ఈ ప్రమాణాలను శత్రువులుగా చూడటం పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం. మోంటానాలోని బీవర్‌హెడ్-డియర్‌లాడ్జ్ నేషనల్ ఫారెస్ట్ ఉదాహరణ చూడండి. అక్కడి ప్రణాళిక 20 లక్షల ఎకరాలకు పైగా భూమిని శీతాకాల మోటారు వాహనాలకు కేటాయించింది. అంటే నిర్ణయం స్నోమొబైలర్లకు అనుకూలంగానే వచ్చింది. కాని ఆ కేటాయింపులో నష్టాన్ని తగ్గించే ఈ ప్రమాణాలను ఏ ఏరియాకు ఎలా వర్తింపజేశారో ఫైలులో చూపలేదని, జింక జాతుల శీతాకాల ఆవాసాల సమాచారాన్ని ప్రజల ముందు సరిగా పెట్టలేదని 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు తప్పుపట్టింది. అడవిని తెరిచి ఉంచాలని కోరేవారికి ఇందులో నేర్చుకోవలసినది చాలా ఉంది: అధికారి మీ పక్షాన ఉన్నా సరే, ఏరియా వారీగా కారణాలు రాయని నిర్ణయం కోర్టులో నిలబడదు. ఆ కారణాలను మీరే సమకూర్చి ఇవ్వాలి. ‘ఆంక్షలు వద్దు’ అనడం కంటే ‘ఈ ఏరియా తెరిచి ఉన్నా ఈ ప్రమాణాలు నెరవేరుతాయి, ఎలాగంటే ఇలా’ అనడం ఎంతో బలమైన వాదన.

మీకు అనుకూలించే అంశాలు నియమంలోనే ఉన్నాయి. ‘ఏరియా’ అనే పదానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం చక్రాల వాహనాలకు కేటాయించే ఏరియా చాలా సందర్భాల్లో రేంజర్ డిస్ట్రిక్ట్ (నేషనల్ ఫారెస్ట్‌లోని ఒక పాలనా విభాగం) కంటే బాగా చిన్నదిగా ఉండాలి. మంచు వాహనాలకు మాత్రం ఆ ‘బాగా చిన్న’ అన్న షరతు వర్తించదు. లోతైన మంచు మీద నడిచే వాహనానికి, నేల మీద నడిచే వాహనానికి తేడా ఉందని నియమమే ఒప్పుకున్నట్టు లెక్క. అలాగే వాహన తరగతిని బట్టి, సంవత్సరంలో కాలాన్ని బట్టి వినియోగాన్ని నిర్దేశించవచ్చు. పూర్తి మూసివేతకు, పూర్తి స్వేచ్ఛకు మధ్య ఎన్నో మెట్లు ఉన్నాయని దీని అర్థం. సీజన్ తేదీలు, కనీస మంచు లోతు, సున్నితమైన చోట బాట విడవకూడదన్న షరతు, కొండ ఎక్కడానికి ఒకే ఒక్క కారిడార్ వంటివి ఆ మెట్లే.

వ్యాఖ్య రాయడం

పర్యావరణ పరిశీలనలో సాధారణంగా రెండు అవకాశాలు వస్తాయి. మొదటిది స్కోపింగ్ దశ, అంటే ఏయే విషయాలను పరిశీలించాలో అడిగే దశ. రెండోది ముసాయిదా మీద వ్యాఖ్యలు కోరే దశ. ఆ గడువు 30 రోజులు కావచ్చు, 45 రోజులు కావచ్చు. ఈ ప్రక్రియ నియమాలు ఇటీవల మారుతూ వస్తున్నాయి గనుక పాత అలవాటును నమ్ముకోకుండా మీ చేతిలో ఉన్న నోటీసులోని తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి. నా సలహా ఏమిటంటే మొదటి దశను వదులుకోవద్దు. ఒక ప్రత్యామ్నాయాన్ని పరిశీలనలోకి తీసుకురావడానికి అదే అనువైన సమయం. ముసాయిదా తయారయ్యాక అధికారులు తమ పట్టికను మళ్లీ విప్పడానికి ఇష్టపడరు.

రాయడానికి ముందు పని అడవిలో మొదలవుతుంది. మీ బృందం తిరిగే దారులను జీపీఎస్‌లో నమోదు చేయండి. పార్కింగ్ స్థలం నుంచి మొదలుపెట్టి ఎక్కడ మలుపు తిరుగుతారో, ఎక్కడ ఇంధనం కోసం వెనక్కి వస్తారో, వాతావరణం చెడితే ఏ దారిన బయటపడతారో కూడా గుర్తించండి. మంచులో కొలబద్ద దింపి, తేదీ, స్థలం కనిపించేలా ఫోటో తీయండి; సీజన్ మొదట్లో, మధ్యలో, చివర్లో తీసినవి ఉంటే కనీస లోతు నిబంధన గురించి మీ మాటకు బరువు వస్తుంది. కాలిఫోర్నియాలోని కొన్ని అడవుల్లో బాట విడిచి తిరగడానికి 12 అంగుళాల మంచు ఉండాలన్న నిబంధన పెట్టారు. అలాంటి షరతుకు మీరు సిద్ధమేనా, మీ కొండల్లో అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నిజంగా ఉంటుందో ఫోటోలే చెబుతాయి.

ఒక ఊహాజనితమైన వ్యాఖ్యను దగ్గరగా చూద్దాం. ఇంగ్లీషులో రాయవలసిన ఆ లేఖలోని ఒక పేరా సారాంశం ఇలా ఉండవచ్చు:

‘మూడో ప్రత్యామ్నాయంలో మూయదలచిన ఉత్తరపు లోయకు పార్కింగ్ స్థలం నుంచి ఒక్కటే దారి ఉంది, అది పడమటి గట్టు మీదుగా వెళుతుంది. మూసివేతకు కారణంగా నివేదిక చూపిన ఎల్క్ జింకల శీతాకాల ఆవాసం గట్టుకు దక్షిణాన, 6,500 అడుగుల ఎత్తుకు దిగువన ఉంది. మేము తిరిగే వాలు 7,800 అడుగులకు పైన ఉంది. జతచేసిన మ్యాపులో రెండింటినీ వేర్వేరు రంగుల్లో చూపాము. ఆవాసాన్ని దాటే 1.2 మైళ్ల ముక్కలో బాట విడిచి వెళ్లరాదన్న షరతు పెట్టి, డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, 12 అంగుళాల మంచు ఉన్నప్పుడు మాత్రమే పై వాలును తెరిచి ఉంచే ప్రత్యామ్నాయాన్ని వివరంగా పరిశీలించాలని కోరుతున్నాము. దీనివల్ల 212.55లోని వన్యప్రాణి ప్రమాణం నెరవేరుతుంది, మూసివేయవలసిన విస్తీర్ణం తగ్గుతుంది.’

ఈ పేరాలో కోపం లేదు, హక్కుల ప్రసంగం లేదు. ప్రత్యామ్నాయం సంఖ్య ఉంది, స్థలం ఉంది, నివేదిక చూపిన కారణం ఉంది, ఆ కారణం ఎందుకు సరిపోదో ఉంది, బదులుగా ఏమి చేయాలో ఉంది. దీనికి ‘గమనించాము’ అని రాసి తప్పించుకోవడం అధికారికి కష్టం. ప్రతి ఏరియాకు ఇలాంటి పేరా ఒకటి రాయగలిగితే మీ పని సగం పూర్తయినట్టే. పది ఏరియాల గురించి పలుచగా రాయడం కంటే మీకు బాగా తెలిసిన రెండు మూడింటి గురించి చిక్కగా రాయడం మేలు.

శాస్త్రీయ ఆధారాల విషయంలో నిజాయితీ చాలా అవసరం. గ్రూమింగ్ చేసి గట్టిపరచిన మంచు బాటల మీదుగా కయోటీలు (తోడేలును పోలిన చిన్న జంతువులు) లోతైన మంచు ప్రాంతాల్లోకి చొరబడి, 2000 నుంచి ముప్పులో ఉన్న జీవుల ఫెడరల్ జాబితాలో ఉన్న కెనడా లింక్స్ అనే అడవి పిల్లికి ఆహారంలో పోటీ ఇస్తాయన్న వాదన తరచుగా వస్తుంది. దీని మీద యూటా, మోంటానాల్లో జరిగిన అధ్యయనాలు ఒకే ఫలితానికి రాలేదు. కనుక మీ అడవి ఎత్తు, మంచు స్వభావం ఏ అధ్యయన ప్రాంతానికి దగ్గరగా ఉన్నాయో చూపి వాదించవచ్చు. మంచు ప్రాంతాల్లో బతికే వుల్వరీన్ అనే మాంసాహార జంతువు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. అది 2023లో ముప్పు జాబితాలోకి వచ్చింది; ఐడహో, మోంటానా, వయోమింగ్‌లలో జరిగిన పరిశోధన అది స్నోమొబైళ్లనూ స్కీయర్లనూ రెంటినీ తప్పించుకు తిరుగుతుందని చూపింది. ‘స్కీయర్ల వల్ల కూడా ఇబ్బందే కదా’ అన్న సగం మాట పట్టుకుని మీరు వాదిస్తే, మిగతా సగం ఎదుటివారు చదివి వినిపిస్తారు. మీకు వ్యతిరేకంగా ఉన్న అధ్యయనాన్ని మీరే ప్రస్తావించి, దానికి తగిన షరతును మీరే ప్రతిపాదించడం తెలివైన పని.

నివేదికలో ఉన్న అంకెలు ఎక్కడివో తెలియకపోతే సమాచార స్వేచ్ఛా చట్టం కింద ఆ ప్రాజెక్టుకు చెందిన నిపుణుల నివేదికలను, సర్వే సమాచారాన్ని కోరవచ్చు. చట్టం 20 పనిదినాల్లో స్పందించమంటుంది, వాస్తవంలో తరచుగా ఆలస్యమవుతుంది. అందుకే వ్యాఖ్యల గడువు మొదలయ్యేదాకా ఆగకుండా స్కోపింగ్ సమయంలోనే దరఖాస్తు పెట్టాలి.

డబ్బు గురించి ఒక మాట. ‘పర్యాటకం దెబ్బతింటుంది’ అని సాధారణంగా రాస్తే ఎవరూ కదలరు. మీ క్లబ్బు ఏ బాటను గ్రూమింగ్ చేస్తోంది, ఏ వంతెన బాగుచేసింది, ఏ మోటెల్ శీతాకాలంలో ఎవరి మీద ఆధారపడి తెరిచి ఉంటోంది అన్నవి ఆ యజమానుల లేఖలతో సహా జతచేయాలి. ఫెడరల్ రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్ నిధుల్లో 30 శాతం మోటారు వినోదానికి, 30 శాతం మోటారేతర వినోదానికి, 40 శాతం రెండింటికీ కలిసొచ్చే పనులకు కేటాయించాలన్నది నియమం. మీరు తెరిచి ఉంచమంటున్న బాట మీద ఆ నిధులు ఖర్చయి ఉంటే ఆ రికార్డు వెతికి పెట్టండి. కౌంటీ (జిల్లా వంటి స్థానిక ప్రభుత్వం) కమిషనర్లను కలవడం కూడా మరువరాదు. కౌంటీ ‘సహకార సంస్థ’గా చేరితే ముసాయిదా బయటికి రాకముందే దాన్ని చూసే అవకాశం దానికి దక్కుతుంది, సామాన్య వ్యాఖ్యాతకు ఆ వీలు లేదు.

స్కీయర్ల సంఘంతో కూర్చుని మాట్లాడమని చెబితే చాలామంది మొహం చిట్లిస్తారు. కాని ఘర్షణ ఎక్కువగా జరిగేది పార్కింగ్ స్థలం నుంచి మొదటి రెండు మూడు మైళ్లలోనే. అక్కడ రెండు వేర్వేరు ప్రవేశ దారులు ఉంటే చాలు, వెనుక కొండల మీద తగాదా చాలావరకు తగ్గుతుంది. ఇద్దరూ కలిసి సంతకం చేసిన ఒక పేజీ ప్రతిపాదన అధికారికి పెద్ద ఊరట. ‘ఇతర వినియోగదారులతో ఘర్షణ’ అన్న ప్రమాణానికి అంతకంటే మంచి జవాబు దొరకదు. యెల్లోస్టోన్ నేషనల్ పార్కు కథ కూడా అటువంటిదే, అది నేషనల్ ఫారెస్ట్ కాకపోయినా. స్నోమొబైళ్లను క్రమంగా తొలగించాలన్న నిర్ణయంతో మొదలై, ఎన్నో కోర్టు వ్యాజ్యాల తరువాత 2013 నియమంలో రోజుకు పరిమిత సంఖ్యలో బృందాలను, తక్కువ శబ్దం, తక్కువ పొగ వచ్చే యంత్రాలతో మాత్రమే అనుమతించే ఏర్పాటుకు వచ్చింది. యంత్రం మారితే ఆంక్ష సడలవచ్చని అక్కడ రుజువైంది.

అభ్యంతరం దాఖలు చేయడం

ముసాయిదా నిర్ణయం వెలువడ్డాక 36 సి.ఎఫ్.ఆర్. 218వ భాగం కింద అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఇది అప్పీలు కాదు. తుది సంతకం పడకముందు పై అధికారి చేత చేయించే సమీక్ష. ప్రకటన పత్రికలో వచ్చిన మరునాటి నుంచి 45 రోజుల గడువు లెక్కకు వస్తుంది. పర్యావరణ ప్రభావ నివేదికతో వచ్చే అటవీ ప్రణాళికలకు వేరే భాగం వర్తిస్తుంది, గడువు 60 రోజులు. ముందు దశల్లో సకాలంలో, నిర్దిష్టంగా, లిఖితపూర్వకంగా వ్యాఖ్య పంపినవారికే ఈ అర్హత ఉంటుంది. అప్పుడు ఎత్తని విషయాన్ని ఇప్పుడు ఎత్తకూడదు, కొత్త సమాచారం తరువాత పుట్టుకొస్తే తప్ప. పేరు లేకుండా పంపిన వ్యాఖ్య అర్హతను ఇవ్వదు. పౌరసత్వం గురించి నియమం అడగదు గనుక వీసా మీద ఉంటున్నవారు కూడా వ్యాఖ్యానించవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు. కాకపోతే పంపిన పేరు, చిరునామా బహిరంగ రికార్డులో చేరతాయని గుర్తుంచుకోవాలి.

అభ్యంతర పత్రంలో మీ పేరు, చిరునామా, సంతకం, ప్రాజెక్టు పేరు, బాధ్యుడైన అధికారి పేరు, హోదా, అడవి, రేంజర్ డిస్ట్రిక్ట్ పేర్లు తప్పనిసరిగా ఉండాలి. నిర్ణయంలో ఏది చట్టానికో నియమానికో విరుద్ధమో, దాన్ని సరిదిద్దడానికి మీరు కోరే పరిష్కారమేమిటో, ఈ విషయం మీ పాత వ్యాఖ్యలో ఏ పేజీలో ఉందో రాయాలి. ఈ చివరి ముడి వేయకపోవడం వల్ల తిరస్కరణకు గురయ్యే పత్రాలు ఉంటాయి. ‘ఫలానా సంఘం పంపిన అభ్యంతరమే నాదీ’ అని రాస్తే చెల్లదు. చట్టాలు, ఫారెస్ట్ సర్వీస్ సొంత పత్రాలు, మీ పాత వ్యాఖ్యలు తప్ప మరే పత్రాన్నీ ప్రస్తావనతో సరిపెట్టకుండా పూర్తిగా జతచేయాలి. పలువురు కలిసి దాఖలు చేస్తే ఒకరిని ప్రధాన అభ్యంతరదారుగా పేర్కొనాలి.

పరిష్కార సమావేశం కావాలని పత్రంలోనే అడగండి. ఆ సమావేశంలో గెలవాలన్న తాపత్రయం కంటే, మీరు కోరిన మ్యాపు మార్పును అధికారి తుది నిర్ణయంలో ఏ వాక్యంగా రాయగలడో అడగడం ఫలిస్తుంది. సమీక్షాధికారికి సాధారణంగా 45 రోజుల సమయం ఉంటుంది, దాన్ని మరో 30 రోజులు పొడిగించవచ్చు.

కోర్టు, ఆ తరువాత

కోర్టుకు వెళ్లడం ఖరీదైన వ్యవహారం, న్యాయవాది లేకుండా చేయదగిన పని కాదు. వ్యాజ్యాన్ని సాధారణంగా 1946 నాటి పరిపాలనా ప్రక్రియ చట్టం కింద వేస్తారు. తుది నిర్ణయం వచ్చిన ఆరేళ్లలోగా వేయాలి, అంతకుముందు అభ్యంతర దశను పూర్తిచేసి ఉండాలి. జడ్జి కొత్త సాక్ష్యం వినడు, ఫైలును చదివి నిర్ణయం అహేతుకమా కాదా అని చూస్తాడు. పర్యావరణ నివేదికల విషయంలో సంస్థల నిర్ణయాలకు కోర్టులు ఎక్కువ మర్యాద ఇవ్వాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ‘నివేదిక చాలదు’ అన్న ఒక్క వాదన మీద ఆధారపడిన దావా ఎవరు వేసినా ఇకపై కష్టమే. అడవిని తెరిచి ఉంచిన నిర్ణయం మీద ఇతరులు దావా వేస్తే మోటారు వినోద సంఘాలు ప్రతివాది పక్షాన చేరడానికి అనుమతి కోరవచ్చు. 2011లో తొమ్మిదో సర్క్యూట్ ఆ దారిలోని అడ్డును తొలగించింది. ఆ వ్యాజ్యం ఐడహోలోని సాటూత్ నేషనల్ ఫారెస్ట్ ట్రావెల్ ప్లాన్ మీద వచ్చింది.

నిర్ణయం ఎటు వచ్చినా మ్యాపు శాశ్వతం కాదు. అమలు ఎలా సాగుతోందో గమనించాలని, అవసరమైతే కేటాయింపులను సవరించవచ్చని అదే 212వ భాగం చెబుతోంది. మూసిన ఏరియా హద్దు నేల మీద గుర్తుపట్టలేని చోట ఉంటే, గట్టు శిఖరం వంటి సహజమైన హద్దుకు దాన్ని జరపాలని కోరడం సవరణకు మంచి ఆరంభం. ఆ సవరణకు మళ్లీ పరిశీలన, మళ్లీ వ్యాఖ్యల గడువు వస్తాయి. అప్పటికి హద్దు పొడవునా తీసిన ఫోటోలు, రెండు మూడు సీజన్ల మంచు లోతు కొలతలు, జీపీఎస్ దారులు ఒకే చోట తేదీలవారీగా సర్ది ఉంచుకోండి, క్లబ్బు కార్యదర్శి మారినప్పుడల్లా కొత్తవారికి అప్పగించండి.